కొండమ్మ జపాను స్నానం

సింగపూర్లోని జురాంగ్ వెస్ట్‌లో ఉండే తెలుగువాళ్ల ఫోన్లలో కొండమ్మ పేరు రకరకాలుగా ఉండేది. కొందరు "కొండమ్మ ఆంటీ" అని పెట్టుకున్నారు. కొందరు "ఉపేంద్ర వాళ్లమ్మ" అని. ఎక్కువమంది మాత్రం "నీళ్లాంటీ" అని పెట్టుకున్నారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. తెలిసి నవ్వుకునేది.

రెండువేల ఐదు, ఆరు సంవత్సరాల నాటి మాట ఇది. ఏ విమానం దిగినా అందులోంచి నలుగురు తెలుగు కుర్రాళ్లు ల్యాప్‌టాప్ సంచులు భుజాన వేసుకుని దిగేవాళ్లు. ఏడాది తిరక్కుండా పెళ్లి చేసుకుని భార్యల్ని తెచ్చుకునేవాళ్లు. ఇంకో ఏడాదికి ప్రసూతి ఆస్పత్రికి ఏ బస్సు వెళుతుందని అడిగేవాళ్లు. పురిటికి రావలసిన అమ్మకి వీసా ఆలస్యమయ్యేది, అత్తగారికి మోకాళ్లు పట్టేసేవి. మూడు కిలోల పసిగుడ్డుని చేతుల్లో పెట్టుకుని, ఎంత పెద్ద ప్రోగ్రామైనా రాయగల ఆడపిల్లలు బిక్కమొహం వేసుకుని కూర్చునేవాళ్లు.

కొండమ్మది పాలకొండ దగ్గర చిన్న పల్లె. అత్తగారు మంత్రసాని. కాన్పు అత్త చేస్తే, తరవాత నెల్లాళ్లూ తల్లికీ బిడ్డకీ నీళ్లు పోసే పని కోడలిది. అలా ముప్పై ఏళ్లలో ఎంతమందికి పోసిందో ఆవిడే లెక్క పెట్టుకోలేదు. కొడుకు ఉపేంద్ర చదువుకుని, సైన్స్ పార్కులో ఉద్యోగం సంపాదించి, తండ్రి పోయాక తల్లిని తన దగ్గరికి తెచ్చుకున్నాడు. వచ్చిన మూడు నెలలు ఆవిడ ఏడో అంతస్తు కిటికీ దగ్గర కూర్చుని కింద పోయే బస్సుల రంగులు చూసింది. నాలుగో నెలలో, పైన తొమ్మిదో అంతస్తులో ఒక బిడ్డ ఏడుపు మొదలుపెట్టింది. రెండు రోజులు విన్నది కొండమ్మ. మూడో రోజు లిఫ్టెక్కి వెళ్లి తలుపు కొట్టింది.

తలుపు తీసింది నిఖిల. వరంగల్ పిల్ల, బ్యాంకులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. జుట్టు రేగిపోయి, కళ్లు గుంటలు పడి ఉన్నాయి.

"ఏటమ్మా, బిడ్డ అలగ గుక్కపట్టి ఏడుస్తంది? నీల్లు పొయ్యట్లేదా?" అంది కొండమ్మ.

"టబ్బుల పోస్తున్న ఆంటీ. ఇంటర్నెట్ల చూసి, గట్లనే పోస్తున్న."

"ఇంటర్నెట్టుకి మోచెయ్యుందా, నీల్ల వేడి సూడ్డానికి?" అంటూ కొండమ్మ చీర మోకాళ్లపైకి దోపుకుని లోపలికి నడిచింది.

బాత్రూములో షవరు నీళ్లు పనికిరావంది. పొయ్యి మీద పెద్ద గిన్నెతో నీళ్లు కాచింది. నేల మీద కూర్చుని కాళ్లు చాపి, ముంగాళ్ల మీద బిడ్డని పడుకోబెట్టి నూనె రాసి, సున్నిపిండి నలిచి, మోచెయ్యి ముంచి చూసుకుని నీళ్లు పోసింది. సాంబ్రాణి వేస్తే పక్క ఫ్లాట్ చైనా ముసలాయన ఇల్లంటుకుందేమోనని బకెట్‌తో పరిగెత్తుకొచ్చాడు. ఆయన వచ్చేసరికి బిడ్డ నిద్రపోయింది. తరవాత కొండమ్మ నిఖిల వైపు తిరిగి, "ఇప్పుడు నువ్వు కూకో" అంది. ఆ పిల్ల సిగ్గుపడింది, వద్దంది, చివరికి కూర్చుంది. నడుము మీద వేడినీళ్లు ధారగా పడేసరికి భోరుమని ఏడ్చింది. ఆ రోజు మధ్యాహ్నం తల్లీ బిడ్డా నాలుగు గంటలు నిద్రపోయారు.

ఆ కబురు రైలుకన్నా వేగంగా పాకింది. ఏడాదిన్నరలో పదహారు ఇళ్లు. ఊరికి అవతలి వైపున్న పాయా లేబర్ దాకా రైలెక్కి వెళ్లడం కొండమ్మ ఒంటరిగా నేర్చుకుంది. ఎవరేం ఇవ్వబోయినా పుచ్చుకునేది కాదు. మరీ బలవంతం చేస్తే ఒక జాకెట్టు ముక్క.

అందుకే సుచిత్ర కొడుకు మొదటి పుట్టినరోజున తల్లులందరూ కలిసి ఒక ఆలోచన చేశారు. సుచిత్రది గుంటూరు. ఏ పనైనా మొదలుపెడితే వదిలే రకం కాదు. కేక్ కోశాక ఒక కవరు తెచ్చి కొండమ్మ చేతిలో పెట్టింది.

"చీరంటే వద్దంటారు, ఉంగరమంటే వద్దంటారు. ఇది మాత్రం వెనక్కివ్వడానికి లేదాంటీ. జపాను వాళ్ల స్నానాల చోటుంది, కొత్తగా పెట్టారు. వేడినీళ్ల మడుగులు, ఒళ్లు రుద్దడం, ఆ తరవాత అక్కడే హోటల్లో భోజనం. మీ పేరున బుక్ చేసేశాం. నేనూ నిఖిలా తోడొస్తాం."

కొండమ్మ కవరుని అటూ ఇటూ తిప్పి చూసింది. "నాకు తానం సేయించడానికి నన్ను రైలెక్కించి తీసుకెల్తారా? మా ఇంట్లో కులాయి రావట్లేదని ఎవులు సెప్పారు?"

అందరూ పగలబడి నవ్వారు. ఉపేంద్ర మాత్రం, "వెళ్లమ్మా. ఒక్కసారి నువ్వు కూర్చో, ఇంకొకళ్లు పోస్తారు" అన్నాడు. కొడుకు మామూలుగానే అన్నాడు గానీ కొండమ్మకి ఆ మాట ఎందుకో తగిలింది. సరేనంది.

ఆదివారం ఉదయం ముగ్గురూ బయలుదేరారు. ఆ చోటు ఊరి మధ్యలో ఒక పెద్ద మాల్ పై అంతస్తులో ఉంది. తలుపు తియ్యగానే చెక్క వాసన, తడి రాతి వాసన. చెప్పులు గుమ్మంలోనే విప్పాలన్నారు. అది కొండమ్మకి నచ్చింది. "పరవాలేదు, మంచి మర్యాద తెలిసినోల్లే" అంది.

కౌంటర్‌లో ఉన్న అమ్మాయి చేతికి లాకరు తాళం పట్టీ కట్టబోయి, కొండమ్మ ముంజేతులు చూసి ఆగిపోయింది. ఆ చేతుల నిండా పచ్చబొట్లు. కుడి చేతి మీద తులసికోట, దాని కింద తేలు. ఎడమ చేతి మీద జడలా అల్లిన గీతలు, మణికట్టు లోపలి వైపు "సూరయ్య" అని అక్షరాలు. వేళ్ల కణుపుల మీద చుక్కలు.

"సారీ ఆంటీ" అంది ఆ అమ్మాయి ఇంగ్లీషులో. "టాటూ ఉంటే క్యాన్నాట్ లా. ఇక్కడ రూలు."

గోడ మీద బోర్డు కూడా ఉంది. డ్రాగన్ బొమ్మ వేసి, దాని మీద ఎర్రగా అడ్డగీత కొట్టి.

సుచిత్రకి ముఖం ఎర్రబడింది. బుక్ చేసినప్పుడు చెప్పొద్దా అని నిలదీసింది. ఫారంలో రాసి ఉందంది ఆ పిల్ల. ఫారం ఎవరు చదువుతారంది సుచిత్ర. ఈ ఇంగ్లీషు యుద్ధం సగమే అర్థమైన కొండమ్మ నిఖిల చెయ్యి పట్టుకుంది.

"ఏటంట?"

"పచ్చబొట్లున్నోళ్లని లోపలికి రానియ్యరట ఆంటీ. జపాన్ల పెద్ద పెద్ద రౌడీలు ఒళ్లంతా పొడిపించుకుంటరట. ఇక్కడ గూడ గదే రూలు పెట్టిన్రు."

కొండమ్మ ఒక్క క్షణం తన చేతులకేసి చూసుకుంది. తరవాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు ఆగలేదు. "ఓలమ్మ! అరవయ్యేల్లకి నాను రౌడీనయ్యానే! మా ఉపేంద్రకి ఫోను సెయ్యి, మీయమ్మని సూసి జపానోల్లు జడుసుకున్నారని సెప్పు!"

ఆ నవ్వుకి లోపలినుంచి ఒకావిడ వచ్చింది. యాభై అయిదేళ్లుంటాయి. నెరిసిన జుట్టు ముడి వేసుకుని, నీలం అంగీ తొడుక్కుని ఉంది. ఆడవాళ్ల స్నానాల వైపు పెద్దావిడట, పేరు సాచికో. సంగతి విని, నడుము వంచి దండం పెట్టి, కొండమ్మ చెయ్యి చూడవచ్చా అని అడిగింది. కొండమ్మ రెండు చేతులూ కౌంటర్ మీద చాపింది, గాజులమ్మే వాడి ముందు చాపినట్టు.

ఇవి ఎప్పుడు వేయించుకున్నారు అని అడిగింది సాచికో. నిఖిల అటు ఇంగ్లీషు, ఇటు తెలుగు చేసి చెప్పింది.

"తొమ్మిదో ఏట. జాతరలో. పసరు, దీపం మసి కలిపి సూదితో పొడిసింది ఒకావిడ. ఏడిస్తే మాయమ్మ బెల్లంముక్క నోట్లో పెట్టింది. ఇదిగో ఈ పేరు పెల్లయ్యాక." కొండమ్మ మణికట్టు తిప్పి చూపించింది. "మేము సచ్చినప్పుడు నగలు తీసేస్తారు, సీర తీసేస్తారు. పచ్చబొట్టు ఎవులూ తియ్యనేరు. ఎంట వొచ్చేది ఇదొక్కటే అని మా వైపు అంటారు. అది సెప్పవే ఆవిడకి."

నిఖిల చెప్పింది. సాచికో సొరుగు తీసి, చర్మం రంగులో ఉన్న పట్టీల డబ్బా తీసింది. చిన్న టాటూలున్న వాళ్లకి ఇవి అంటించి పంపుతామని, మిగతా వాళ్లు అభ్యంతరం చెప్పకుండా ఉండడానికేనని, క్షమించమని చెప్పింది. తులసికోటకి రెండు పట్టీలు పట్టాయి, తేలుకి ఒకటి, జడకి మూడు. సూరయ్యకి ఒకటి. వేళ్లకి చిన్నవి. పదమూడు పట్టీలయ్యేసరికి కొండమ్మ చేతులు ఎన్నికలప్పటి గోడల్లా తయారయ్యాయి.

లోపల బట్టలు మార్చుకునే గదిలో అసలు సమస్య ఎదురైంది. సుచిత్ర లాకరు ముందు నిలబడి గొంతు తగ్గించింది.

"ఆంటీ... లోపల... అసలేమీ వేసుకోకూడదంట. ఈ చిన్న తువ్వాలు మాత్రం ఇస్తారంట."

"నీల్లు పోసుకోడానికి గుడ్డలేసుకుని ఎవులు పోసుకుంటారు?" కొండమ్మ అప్పటికే చీర మడతపెట్టి లాకర్లో పెట్టేసింది. ఇద్దరూ ఇంకా అలాగే నిలబడి ఉంటే వెనక్కి తిరిగింది. "మీ ఇద్దరికీ బాలింత తానం పోసింది నానే కదే? ఇప్పుడు నా కాడ కొత్తగా ఏటి దాస్తారు? ఆ జేబురుమాలంత గుడ్డతో ఏటి దాగుతాది? నడండి."

వాళ్లు ముందు తువ్వాళ్లు పట్టుకుని, గోడలకి ఒరుసుకుంటూ నడిచారు. కొండమ్మ పెరట్లో నడిచినట్టు నడిచింది.

లోపల నాలుగు మడుగులు. ఒక్కోదాని పక్కన వేడి అంకె రాసిన పలక ఉంది. కొండమ్మ అంకెలు చూడలేదు. మొదటి దాని అంచున గొంతుకూర్చుని మోచెయ్యి ముంచింది.

"ఇది పసిగుడ్డు నీల్లు."

రెండోదానిలో ముంచింది. "ఇది మూడోనెల బిడ్డకి."

మూడోదాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఉంచి, తల ఊపింది. "ఆ! ఇదమ్మా బాలింత నీల్లంటే."

నాలుగోది చన్నీళ్లది. వేలు పెట్టి తీసేసింది. "ఇది గేదెలకి."

బాలింత నీళ్లలోకి ఆవిడ మెడదాకా దిగి కూర్చుంటే, సుచిత్ర మోకాళ్లవరకూ దిగి కేక పెట్టి బయటికి దూకింది. నిఖిల పసిగుడ్డు నీళ్లలో సెటిలైపోయింది. బాలింత నీళ్లలోనే కొండమ్మకి ఎదురుగా ఇద్దరు జపాను ముసలమ్మలు నెత్తిన మడిచిన తువ్వాళ్లు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. కొండమ్మ కూడా తన తువ్వాలు అలాగే మడిచి నెత్తిన పెట్టుకుంది. వాళ్లు తల వంచారు. ఆవిడా వంచింది. కళ్లు మూసుకుంది.

ఎంతసేపైందో తెలీదు. గడ్డానికేదో తగిలితే కళ్లు తెరిచింది. నీళ్ల మీద పట్టీ ఒకటి తేలుతోంది. దాని వెనకాల ఇంకొకటి. అటు చూస్తే మరి మూడు ఒకదానివెనక ఒకటి ముసలమ్మలకేసి ప్రయాణం కట్టాయి. కొండమ్మ గబగబా చేతులు నీళ్లలో దాచుకుంది. దాచితే ఏం లాభం? నీళ్లు అద్దంలా ఉన్నాయి. తేలూ తులసికోటా మరింత పచ్చగా మెరుస్తున్నాయి.

ముసలమ్మల్లో ఒకావిడ తన ముందుకొచ్చిన పట్టీని రెండు వేళ్లతో తీసి చూసింది. కొండమ్మ చేతికేసి చూసింది. పక్కావిడతో ఏదో అంది. ఇద్దరూ భుజాలు కదిలిపోయేలా నవ్వారు. కొండమ్మకీ నవ్వొచ్చింది. ముగ్గురూ కలిసి పట్టీలు ఏరడం మొదలుపెట్టారు, చెరువులో కలువకాయలు ఏరినట్టు. చెక్క చెంబులో పదమూడూ వేసి చూపించేసరికి సాచికో గుమ్మంలో నిలబడి ఉంది.

కొండమ్మ చెంబు ఎత్తి పట్టుకుని, "నా తప్పు నేదు. నీల్లు మంచివి, జిగురు మంచిది కాదు" అంది తెలుగులోనే.

సాచికో చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ముసలమ్మలిద్దరూ ఆవిడతో ఏదో చెప్పారు. అభ్యంతరం లేదనే చెప్పి ఉంటారు. సాచికో ఇంక కొత్త పట్టీలు తేలేదు. కొండమ్మని చెయ్యిపట్టి లేపి, గోడ పక్కన వరసగా వేసి ఉన్న చిన్న చెక్కపీటల దగ్గరికి తీసుకెళ్లింది. ఒళ్లు రుద్దే పని మామూలుగా వేరే అమ్మాయిదట. ఈసారి సాచికోయే చేతులు పైకి మడుచుకుంది.

పీట చూసి కొండమ్మ మురిసిపోయింది. అచ్చం తను నీళ్లు పోసేటప్పుడు తల్లుల్ని కూర్చోబెట్టే ఎత్తు. సాచికో వీపు రుద్దడం మొదలుపెట్టింది. కొండమ్మ ఊరుకుంటుందా?

"అలగ కాదు తల్లీ. నడుం కాణ్ణించి పైకి తొయ్యాల. ఆఁ... అలగ."

భాష రాకపోయినా చేతికి చెయ్యి అర్థమైంది. సాచికో కింది నుంచి పైకి తోసింది. తరవాత చెక్క బకెట్టుతో నీళ్లు ముంచి, తన మోచెయ్యి తాకించి చూసుకుని, నెమ్మదిగా భుజాల మీదనుంచి పోసింది.

ఆ మోచెయ్యి చూసి కొండమ్మకి తన పురుడు గుర్తొచ్చింది.

ఉపేంద్ర పుట్టినప్పుడు ఆ వైపంతా వరద. అత్తగారు ఏటి అవతల ఊళ్లో వేరే కాన్పుకి వెళ్లి ఎనిమిది రోజులు అక్కడే చిక్కుకుపోయింది. ఊరందరికీ నీళ్లు పోసే ఇంట్లో, కొండమ్మ మూడో రోజున తనే లేచి, తనే నీళ్లు కాచుకుని, గోడ పట్టుకుని తనే పోసుకుంది. వీపుకి అందలేదు. ఆ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవలసినంత పెద్దదని కూడా అనుకోలేదు. ఇప్పుడు ముప్పై మూడేళ్ల తరవాత, ఎవరో జపాను మనిషి చేతిలోంచి ఆ నీళ్లు వీపు మీద పడుతున్నాయి. కళ్లలోంచి నీళ్లొచ్చాయి. వచ్చినా ఎవరికి తెలుస్తుంది, ఒళ్లంతా నీళ్లేగా. హాయిగా కాసేపు ఏడ్చింది.

రెండో బకెట్టు, మూడో బకెట్టు. నాలుగోది పోయబోతుంటే కొండమ్మ వెనక్కి తిరక్కుండానే చెయ్యెత్తి ఒక వేలు చూపించింది. ఇంకొక్కటి.

స్నానం అయ్యాక నూలు అంగీలు ఇచ్చారు. కొండమ్మ కుడి అంచుని పైకి వేసి కట్టుకుని వస్తుంటే సాచికో పరుగున వచ్చి, విప్పి, ఎడమ అంచుని పైకి వేసి మళ్లీ కట్టింది. అటు వేస్తే శవానికి కట్టినట్టట.

"అయ్యబాబోయ్, మంచిపని సేసావు" అంది కొండమ్మ. "ఇన్ని నీల్లు పోయించుకుని ఇప్పుడే పోతానా? ఆకలేస్తంది."

హోటలు పక్కనే ఉంది. గడ్డి చాపలు, పొట్టి బల్లలు. నేల మీద కూర్చుని తినాలి. కొండమ్మ బాసింపట్టు వేసుకుని రాణిలా కూర్చుంది. పది నిముషాలయ్యేసరికి సుచిత్ర కాళ్లు తిమ్మిరెక్కి ఒకసారి ఇటు, ఒకసారి అటు ఒరిగింది.

"గొడ్డుమాంసం లేనివి అని గట్టిగా సెప్పు" అని కొండమ్మ నిఖిలని ముందే హెచ్చరించింది. కూరగాయలూ రొయ్యలూ పల్చటి పిండిలో ముంచి వేయించినవి వచ్చాయి. గుమ్మడికాయ ముక్క కొరికి, "బజ్జీ! శనగపిండి అయిపోయిందేమో పాపం, మైదాతో సరిపెట్టాడు" అంది. రెండోది తిన్నాక, "తేలిగ్గానే ఉందిలే" అంది. ఆ పళ్లెం సగం ఆవిడే ఖాళీ చేసింది. లావుపాటి సేమ్యాలాంటివి పులుసులో తేలుతూ వచ్చాయి. పుల్లలతో పట్టుకోవడం ఆవిడ వల్ల కాలేదు. చేత్తో తినబోతుంటే వడ్డించే పిల్లాడు చెంచా తెచ్చిచ్చాడు.

తెల్లన్నం చిన్న గిన్నెలో వచ్చింది. దాని నడిమధ్యలో ఎర్రటి పండు ఒకటి. కొండమ్మ నోట్లో వేసుకుంది. ఒక కన్ను మూసుకుపోయింది.

"ఏమైందాంటీ?" అంది నిఖిల కంగారుగా.

"ఊరగాయే! ఉప్పులో ఊరేసి ఎండబెట్టింది. కారం ఒక్కటే మరిసిపోయారు." అన్నంలో నలిపి కలుపుకుంది. ఇంకో రెండు తెమ్మని వేళ్లు చూపించింది. వేయించిన బియ్యం వేసిన టీ ఇస్తే వాసన చూసి, "గిన్నె అడుగు మాడిన అన్నం వాసన. మాయమ్మ గుర్తొస్తంది" అని మూడు కప్పులు తాగింది.

వెళ్లేముందు సాచికో గుమ్మం దాకా వచ్చింది. మామూలు రోజుల్లో ఉదయంపూట జనం ఉండరు, అప్పుడు వస్తే పట్టీలతో పని లేదు అని చెప్పింది. కొండమ్మ ఆవిడ రెండు చేతులూ పట్టుకుని మొహానికి ఆనించుకుంది. "నీ సెయ్యి సల్లగుండ" అంది. నిఖిల దాన్ని ఇంగ్లీషులోకి ఎలా మార్చాలో తెలీక "థ్యాంక్యూ అంటున్నారు" అని ఊరుకుంది.

రైల్లో కూర్చోగానే కొండమ్మ సుచిత్ర భుజం మీద తలవాల్చి నిద్రపోయింది. ఎన్నో ఏళ్లుగా ఇంత నిద్ర పట్టలేదని మర్నాడు ఉపేంద్రతో చెప్పింది.

మంగళవారం పాయా లేబర్ వెళ్లాలి. అక్కడ ప్రసన్నలక్ష్మి అనే అమ్మాయికి తొమ్మిదో రోజు. తెనాలి నుంచి ఆ పిల్ల తల్లి సత్యవాణి వచ్చింది. బక్కపలచటి మనిషి. వచ్చిన నాటినుంచి వంట, ఉతుకు, రాత్రి జాగరణ అన్నీ ఆవిడే. కొండమ్మ వెళ్లేసరికి గిన్నెలో నీళ్లు మరుగుతున్నాయి. బిడ్డకి పోసింది. తల్లికి పోసింది. సాంబ్రాణి వేసి ఇద్దర్నీ పడుకోబెట్టింది. సత్యవాణి చీపురు పుచ్చుకుని బాత్రూము కడగడానికొచ్చింది. నడుము మీద ఒక చెయ్యి వేసుకుని వంగింది.

కొండమ్మ ఆ చెయ్యి చూసింది. చీపురు లాగేసుకుంది.

"ఇంకా నీల్లున్నాయి వదినా. ఇలగొచ్చి కూకో."

"నేనా? నాకెందుకండీ! పురుడు మా అమ్మాయికి."

"నడుం నీది కాదేటి? కూకో సెప్తాను."

సత్యవాణి వద్దంది, పనుందంది, పొయ్యి మీద చారుందంది. కొండమ్మ వెళ్లి పొయ్యి ఆపేసి వచ్చింది. తలుపు గడియ పెట్టింది. పడక గదిలో ఉన్న ప్రసన్నలక్ష్మికి ముందు వాళ్లమ్మ గొణుగుడు వినిపించింది, తరవాత నీళ్ల చప్పుడు. చివరికి వాళ్లమ్మ గొంతు, చిన్నపిల్లలా:

"అక్కడే... అక్కడే ఇంకో చెంబు పొయ్యండి వదినా."